ఒకే ప్రయాణం, 24 బొమ్మలు

చిరంజీవికి,

నీ కథ చదివాను. కానీ దానితో పాటు నువ్వు రాసిన ఉత్తరమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వలస మీద అందరూ రాసేశారు, ఇక కొత్తగా రాయడానికి ఏం మిగిలిందని అడిగావు. ఈ టెన్షన్ వెనిస్ చిత్రకారుడు జాన్‌డొమెనికో తియెపోలో (1727–1804) బొమ్మలు చూస్తే తగ్గుతుంది.

తండ్రి జాంబత్తిస్తా యూరప్ అంతటా పేరు మోసినవాడు. ఆయన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ రాజభవనంలో పైకప్పుకు బొమ్మలు వేస్తుంటే కొడుకు పక్కనే ఉండి పనిచేశాడు. అక్కడున్న రోజుల్లోనే ఒక పాత విషయం పట్టుకున్నాడు. పసివాడైన యేసును తీసుకుని మరియ, యోసేపు ఈజిప్టుకు పారిపోవడం. అదీ వలసే. బైబిల్లో అది రెండు మూడు వాక్యాలకు మించదు, చిత్రకారులు వందల ఏళ్లుగా వేస్తున్నదే. 1753లో అతను దాన్నే 24 ఘట్టాలుగా ఎచింగుల్లో, అంటే రాగి రేకు మీద గీసి, ఆ గీతల్ని ఆమ్లంతో చెక్కి తీసే అచ్చుల్లో, అచ్చువేశాడు. ఒకచోట ఊరి ద్వారం దాటుతున్నారు, ఒకచోట పడవ ఎక్కుతున్నారు, ఇంకోచోట గొర్రెల మంద పక్కనుంచి అడవి దారి దిగుతున్నారు. పెద్ద సంఘటన ఏదీ జరగదు. అలసట, దారి, గాడిద, అంతే. నాకు మాత్రం తండ్రి వేసిన దేవతల కన్నా ఈ దారే ఎక్కువ ఇష్టం.

1791లో వెనిస్ దగ్గరి జియానిగో అనే ఊళ్లో తమ ఇంటి గోడ మీద అతను వేసిన బొమ్మ ఇప్పుడు వెనిస్‌లో కా రెజ్జోనికో మ్యూజియంలో ఉంది. బొమ్మల పెట్టెలోకి తొంగిచూడ్డానికి జనం మూగారు. దాదాపు అందరి వీపులే మనకు కనిపిస్తాయి. పెట్టెలో ఏముందో చూపించడు. ఆ వంగిన నడుములు, టోపీలు చూస్తే చాలు, వాళ్ల ఆత్రం తెలిసిపోతుంది.

డెబ్బై ఏళ్ల వయసులో, వెనిస్ రిపబ్లిక్ నెపోలియన్‌కు లొంగిపోయిన ఆ కాలంలో, కొంకి ముక్కు ముసుగు, పొడవాటి టోపీ ఉన్న పుల్చినెల్లా అనే ఇటలీ నాటకాల విదూషకుడి జీవితాన్ని సిరాతో 104 కాగితాల మీద గీశాడు. అందులో తండ్రివీ తనవీ పాత బొమ్మలను మళ్లీ వాడుకున్నాడు. పెళ్లి, జబ్బు, జైలు, చావు, అన్నీ ఉన్నాయి.

నీ కథలో బస్సెక్కే రోజు ఒక్కటే ఉంది, అదీ ఏడుపులతో నిండిపోయింది. ముందురోజు గేదెను ఎవరికి అప్పగించారు? తాళం చెవి ఎవరి చేతిలో పెట్టారు? బస్సులో పక్క సీటు మనిషి ఏమడిగాడు? ఏడ్చేవాళ్లను కాక, అరుగు మీద కూర్చుని చూస్తున్నవాళ్లను రాసి చూడు. ఆ ప్రయాణంలో కనీసం ఆరు ఘట్టాలు విడివిడిగా రాసి పంపు. కథగా అతకకపోయినా ఫర్వాలేదు, అతికించే పని తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు