నాలుగించుల పైపుతో వచ్చిన తంటా

ప్రశ్న: జంగారెడ్డిగూడెంలో నాకు చిన్న వడ్రంగి షాపు ఉందండి, 20 బై 30 అడుగులు. ప్లేనర్ (చిత్రిక పట్టే మిషన్), టేబుల్ రంపం, రౌటర్ టేబుల్ ఉన్నాయి. 2 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్ (పొట్టు, దుమ్ము లాగే మిషన్) కొన్న కొత్తలో దాన్ని ప్లేనర్ పక్కనే పెట్టి పట్టిస్తే బ్రహ్మాండంగా లాగేది. తర్వాత దాన్ని మూలన పెట్టి గోడ పొడవునా 110 ఎంఎం, అంటే నాలుగించుల పీవీసీ పైపు వేయించా, టీలు, ఎల్బోలు పెట్టి. ఇప్పుడు పొట్టు సగం కిందే పడుతోంది, రెండు సార్లు జామ్ కూడా అయింది. అమ్మినాయన 3 హెచ్‌పీకి మారమంటున్నాడు. మారమంటారా?

జవాబు: వద్దండి, ఆ డబ్బులు అలాగే ఉంచండి. పక్కన పెడితే లాగిన మిషన్ దూరం పెడితే లాగట్లేదంటే మోటారు బానే ఉన్నట్టే కదా, గాలి దారిలో ఇరుక్కుంటోంది. ఒకసారి కలెక్టర్ మూతి దగ్గరికెళ్లి చూడండి. చాలావాటికి అక్కడ ఆరించుల రంధ్రం ఉంటుంది, దానికి రెండు నాలుగించుల మూతులున్న వై (ఇంగ్లీషు Y ఆకారపు ముక్క) బిగించి ఇస్తారు. మీరు అందులో ఒకదానికి మూత పెట్టేసి రెండోదానికి పైపు తగిలించి ఉంటారు. అంటే మిషన్‌కి ఉన్న నోరులో సగానికి పైగా మీరే మూసేశారు.

లెక్క చెప్తా. పొట్టు పైపులో ఎక్కడా ఆగకుండా పోవాలంటే గాలి నిమిషానికి 4000 అడుగుల వేగంతో కదలాలి, నేరుగా ఉన్న మెయిన్ లైన్లో 3500 అయినా నడుస్తుంది. ఆ వేగంలో నాలుగించుల పైపు నిమిషానికి 350 ఘనపుటడుగుల గాలి మాత్రమే మోస్తుంది, సీఎఫ్ఎం అనేది అదే. ఆరించుల పైపు అయితే 785 దాకా మోస్తుంది. ప్లేనర్‌కి 700 దాకా కావాలి. అంత గాలిని నాలుగించుల్లో బలవంతంగా పంపాలంటే రాపిడి ఆరించులకంటే ఏడు రెట్లు పైనే ఉంటుంది, దానికి 3 హెచ్‌పీ పెట్టినా పెద్ద తేడా రాదు, కరెంటు బిల్లు తప్ప.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. మా షెడ్డులో మొదట 110 ఎంఎమ్మే వేశా, చవగ్గా వస్తుందని. ఓ సాయంత్రం లాగడం ఆగిపోతే టీ ఊడదీసి చూశా, టేకు చిత్రిక పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుని లోపల అచ్చం పిచ్చుక గూడులా కూర్చుంది, చేత్తో లాగితే రెండు దోసిళ్లొచ్చింది.

కాబట్టి ఆ వై తీసేసి, మూతి నుంచి ప్లేనర్ దాకా 160 ఎంఎం, అంటే ఆరించుల పైపు వేయండి. శానిటరీ షాపుల్లో డ్రైనేజీ కోసం దొరికే ఎస్‌డబ్ల్యూఆర్ పైపే చాలు. సైజు తగ్గించాల్సొస్తే చెక్క పని చేసే మిషన్ దగ్గరే తగ్గించండి, మధ్యలో కాదు. ప్లేనర్‌ని కలెక్టర్‌కి వీలైనంత దగ్గరికి జరపండి, రౌటర్ టేబుల్ చివర్న ఉన్నా పర్లేదు. టీలన్నీ పీకేసి వైలు పెట్టండి, వై కొమ్మ గాలి పోయే వైపుకే వాలి ఉండాలి, ఇది తిరగేసి బిగించినవాళ్లని చాలామందిని చూశా. కొమ్మని మెయిన్ పైపు పక్క నుంచో పైనుంచో తీయండి, అడుగు నుంచి తీస్తే వాడని లైన్లోకి పొట్టు జారి కూర్చుంటుంది. మలుపులో 90 ఎల్బో ఒకటి బదులు 45వి రెండు, వాటి మధ్య చిన్న పైపు ముక్క. జామ్ అయ్యే చోట డోర్ ఉన్న బెండు పెట్టారనుకోండి, మూత విప్పి శుభ్రం చేసుకోవచ్చు, డ్రైనేజీ కోసం చేసింది మనకి భలే పనికొస్తుంది.

ముడతల ఫ్లెక్సిబుల్ గొట్టం మూడడుగులు దాటనివ్వకండి, నున్నటి పైపుకంటే దాంట్లో రాపిడి మూడు రెట్లు దాకా ఉంటుంది. ప్రతి కొమ్మకీ గాలిని ఆపే గేటు పెట్టి, ఒకసారికి ఒకటే తెరవండి. జాయింట్లకి సిలికాన్ పూయండి కానీ పీవీసీ అతికించే గట్టి సొల్యూషన్ వద్దు, రేపు మిషన్ జరపాలనిపిస్తే పైపు కోసుకోవాలి. లీకులు కనిపెట్టడానికి కొందరు అగరబత్తి పెట్టి చూస్తారు, పొట్టున్న షాపులో నిప్పెందుకండీ, పల్చటి పాలిథిన్ ముక్క దగ్గర పెట్టినా అతుక్కుని చెప్పేస్తుంది.

ప్రశ్న (ఆయనదే): పీవీసీలో స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) పుట్టి పేలుతుందని భయపెడుతున్నారు, నిజమా?

జవాబు: చెయ్యి తగిలితే చిటుక్కున కొట్టడం నిజం. రాగి తీగ చుట్టి ఎర్త్ ఇస్తే షాక్ కాస్త తగ్గుతుంది, కానీ ప్లాస్టిక్కులో కరెంటు పారదు కాబట్టి మొత్తం పోదు. మీ సైజు షాపులో నేను భయపడేది మేకులకి. నేల ఊడ్చి మేకులు, స్క్రూలతో సహా లైన్లోకి తోసేస్తారు, అవి ఇనుప ఫ్యాన్ రెక్కకి తగిలి నిప్పురవ్వ లేస్తే అది నేరుగా కలెక్టర్ పొట్టు సంచిలోకే పోతుంది. సంచి రోజూ ఖాళీ చేయండి. అన్నట్టు మామూలు గుడ్డ సంచి సన్న దుమ్ముని మళ్లీ గదిలోకే వదుల్తుంది. చెక్క దుమ్ము మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్సీ 1995లోనే తేల్చింది, కాబట్టి పైపులు ఎంత బాగా వేసినా మాస్కు తీయకండి.