బయలుదేరే ముందు రోజు సైకిల్ జోలికి వెళ్ళకండి

“వచ్చే నెల సైకిల్ మీద లాంగ్ ట్రిప్ పెట్టుకున్నాను. ఇంటినుంచి బయలుదేరే ముందు ఆఖరి ఒకటి రెండు రోజుల్లో ఏమేం పనులు చూసుకోవాలి?” అని కదా ప్రశ్న. పైన జవాబులిచ్చిన వాళ్ళందరూ హెల్మెట్, లైట్లు, పంక్చర్ కిట్టు, గ్లూకోజ్ పొడి అని రాశారు. అవన్నీ నెల ముందు చూసుకోవాల్సినవి. ఆఖరి రోజు సంగతి వేరే. అనుభవంతో చెబుతున్నాను కాబట్టి కాస్త చాదస్తంగా అనిపించినా వినండి.

నేను 2023 జనవరిలో విజయవాడనుంచి కన్యాకుమారి దాకా సైకిల్ మీద వెళ్ళాను. 16వ నంబరు హైవే మీద చెన్నై వైపు వెళ్ళి, అక్కణ్ణుంచి తిరుచ్చి, మదురై, తిరునెల్వేలి మీదుగా. 13 రోజులు పట్టింది. అప్పటికి నాకు 46 ఏళ్ళు, పొట్ట ఉంది, మోకాలు అప్పుడప్పుడు పలుకుతుంది. జనవరి ఎందుకంటే, డిసెంబరు దాకా తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి, మార్చి వచ్చిందంటే మన కోస్తాలోనే ఎండ తట్టుకోలేం. మధ్యలో దొరికేది ఆ కాస్త కాలమే.

కానీ జనవరిలో సంక్రాంతి ఉంది. ఆ ఏడాది సంక్రాంతి 15న, ఆదివారం. సోమవారం కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు, నేను కదులుతానా? మంగళవారం ముక్కనుమ, ఇంట్లో చుట్టాలు. అలా జరిగి జరిగి గురువారం, 19వ తేదీ తెల్లవారుజామున 4:45కి బయలుదేరడం అని ఖాయమైంది. అంటే బుధవారం ఒక్కటే చేతిలో ఉంది.

బుధవారం పొద్దున్నే మా ఆవిడ పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి ఇచ్చింది. “ఏమండీ, మీరు కన్యాకుమారి వెళ్ళండి, కాశ్మీర్ వెళ్ళండి, ఇవి మాత్రం చేసి వెళ్ళండి” అంది. గ్యాస్ బుక్ చేయాలి. కరెంటు బిల్లు కట్టాలి. అమ్మ బీపీ మాత్రలు నెలకి సరిపడా తేవాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. స్కూటీ వెనక టైరు చూపించాలి. ఇవి నా యాత్రకి ఏ సంబంధమూ లేని పనులు అనిపించింది అప్పుడు. నా సొంత లిస్టు వేరే ఉంది: ఆధార్ జిరాక్సులు 10, హెయిర్ కటింగ్, ఏటీఎం, వాల్వు అడాప్టరు.

మాత్రల దగ్గర ఒక మాట. డాక్టరు చీటీ 2 నెలల క్రితంది కదా, కొత్తది తెండి అన్నాడు మందుల షాపు కుర్రాడు. నాలుగేళ్ళుగా అదే కౌంటర్లో అవే మాత్రలు కొంటున్నాం. రూలు రూలే, కాదనను. కానీ అదే కుర్రాడు నా ముందు నిలబడ్డ మనిషికి చీటీ గీటీ ఏమీ లేకుండా యాంటీబయాటిక్ కట్ చేసి ఇచ్చాడు, అదీ నాలుగే నాలుగు మాత్రలు. సరే, వదిలేయండి. ఇంకో షాపులో తెచ్చాను. గంట పోయింది.

ఇక అడాప్టరు. అసలు నేను ఈ జవాబు రాస్తున్నదే దీనికోసం.

నా సైకిల్ చక్రాలకి ఉన్నది సన్న వాల్వు, ప్రెస్టా అంటారు. మన ఊళ్ళలో పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం మోటార్ సైకిల్, కారు వాల్వుకి పడుతుంది. పాత సైకిళ్ళకి రబ్బరు వాల్వ్‌ట్యూబ్ ఉండే వాల్వు, దానికి చేతిపంపు. ఈ సన్నదానికి ఆ కంప్రెసర్ గొట్టం పట్టదు, మధ్యలో ఇత్తడి ముక్క ఒకటి పెట్టాలి, అదే అడాప్టరు. వేలి గోరంత ఉంటుంది. నా దగ్గర చిన్న చేతిపంపు లేకపోలేదు, కానీ దాంతో 65 పీఎస్ఐ ఎక్కించాలంటే భుజాలు పడిపోతాయి. నేనేమో పండగ ముందు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి నిశ్చింతగా కూర్చున్నాను. అది సంక్రాంతి సెలవుల్లో ఎక్కడో గోడౌన్‌లో ఇరుక్కుంది. బుధవారం మధ్యాహ్నానికి ఫోన్లో ఇంకా “దారిలో ఉంది” అనే చూపిస్తోంది.

వన్‌టౌన్ వెళ్ళాను. సైకిల్ సామాన్ల కొట్టాయన నా ట్యూబుకున్న వాల్వు చూసి “ఫారిన్ వాల్వు సార్, మా దగ్గర ఉండదు” అన్నాడు. రెండో కొట్టువాడు ఇంకో అడుగు ముందుకేసి, రిమ్ము బెజ్జం డ్రిల్లుతో పెద్దది చేయించి మందపాటి వాల్వు ట్యూబు వేయించుకోమన్నాడు. చేసేవాళ్ళు చేస్తారట, పాడవదట. కానీ 1,100 కిలోమీటర్లకు పైగా పోవాల్సిన చక్రానికి ముందు రోజు సాయంత్రం డ్రిల్లు పెట్టించేంత గుండె ధైర్యం నాకు లేదు.

ఆటోనగర్‌లో దొరకనిది లేదంటారు కదా, అక్కడికీ వెళ్ళాను. లారీ మొత్తం విప్పి మళ్ళీ బిగించగల చోటు అది. లేత్ మీద పనిచేసే అతను నా వాల్వు ట్యూబుని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, “దీనికి లేత్ ఎక్కించాలా అన్నా? మర సన్నగా ఉంది, కొలత కావాలి, రేపు రా” అన్నాడు. రేపు నేను చిలకలూరిపేట దాటి ఉండాలి.

చివరికి ఇంటికి తిరిగొస్తుంటే పటమట వైపు ఒక వేపచెట్టు కింద పంక్చర్ బండి కనిపించింది. నీళ్ళ తొట్టి, పాత టైర్లు, చిన్న కంప్రెసర్. పెద్దాయన, 70 ఉంటాయేమో. ఆశ లేకుండానే చూపించాను.

ఆయన ట్యూబు తీసుకుని, వాల్వు మీదున్న ప్లాస్టిక్ మూత విప్పాడు. ఆ మూత తెలుసుగా, దుమ్ము పడకుండా ఉండేది, నల్లగా, కొస మొనదేలి ఉంటుంది. జేబులోంచి బ్లేడు తీసి ఆ మొన టక్కున కోశాడు. ఇప్పుడు దానికి రెండు పక్కలా బెజ్జాలు. తర్వాత వాల్వు తల మీదున్న చిన్న నట్టుని వదులు చేసి, కోసిన మూతని తలకిందులు చేసి వాల్వుకి బిగించాడు. దాని మీద కంప్రెసర్ గొట్టం అదిమి పట్టాడు. పక్కనుంచి కొంచెం సుయ్‌మని పోయింది కానీ ట్యూబు ఉబ్బింది.

“ఎక్కడ నేర్చుకున్నావు బాబాయ్?” అన్నాను.

“నేర్చుకునేదేముంది? ఇంజినీరింగ్ కాలేజీ పిల్లోడొకడు సైకిల్ తోసుకుంటా వచ్చాడు. గొట్టానికీ దానికీ మధ్యన ఏదో ఒకటి పట్టాలి గదా. ఆ మూతే పట్టింది” అన్నాడు. ఎంతివ్వమంటావంటే గాలికి 10 రూపాయలు అన్నాడు. 50 ఇచ్చి, మిగతా మూతలు కూడా కోయించుకున్నాను. దారిలో తిండివనం దగ్గర పెట్రోలు బంకులో ఆ మూతే పనికొచ్చింది. అడాప్టరు నేను తిరిగొచ్చాక ఇంట్లో కనిపించింది, కవరు కూడా విప్పలేదు.

ఇంతకీ దీనివల్ల జరిగింది ఏమిటంటే, బుధవారం నా సొంత లిస్టులో ఒక్క పనికి నాలుగున్నర గంటలు పోయాయి. మా ఆవిడ లిస్టులో ఐదింటికి రెండే అయ్యాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద డబ్బాలు సర్దుతోంది. సున్నుండలు, జంతికలు, పండక్కి చేసిన అరిసెలు. బరువు తగ్గించడానికి టూత్‌బ్రష్ పిడి విరగ్గొట్టుకునే సైక్లిస్టులు ఉన్నారని చెప్తే నమ్మదు. సంచులు రెండూ కింద కిరాణా కొట్టు కాటా మీద పెడితే 14 కిలోలు తూగాయి, అందులో సున్నుండలే కిలోన్నర. తీసేద్దామనుకుని తీయలేదు. మంచి పని చేశాను. మినుములు, బెల్లం, నెయ్యి. 200 రూపాయలు పెట్టి కొనే విదేశీ ఎనర్జీ బార్లు దాని ముందు దండగ. ఈ విషయంలో ఎవరు వాదించినా నేను వినను.

డబ్బాలు సర్దుతూ సర్దుతూ అమ్మ ఆగింది. “ఒరేయ్, రేపు గురువారం కదూ? నువ్వు వెళ్ళేది దక్షిణానికి కదూ?”

గురువారం దక్షిణం వైపు వారశూల. నాకు ఆ నమ్మకం లేదు. కానీ 13 రోజులపాటు ఆవిడ రాత్రుళ్ళు నిద్రపోకుండా కూర్చుంటే ఆ పాపం ఎవరిది? విరుగుడు కూడా ఆవిడే చెప్పింది: పస్తానం పెట్టాలి. తెలియని వాళ్ళకి, ప్రయాణం రోజు మంచిది కాకపోతే ముందే మంచి వేళ చూసి, వెంట తీసుకెళ్ళే వస్తువొకటి వేరే వాళ్ళింట్లో పెట్టి రావడం. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. పూర్వం బట్టల మూట పెట్టేవారట. నేను ఏ టవలో పెడదామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “ప్రయాణం దేనిమీద? దాన్నే పెట్టు.”

బుధవారం రాత్రి 7 గంటలకి, సంచులు కట్టిన సైకిల్‌ని తోసుకెళ్ళి పక్కింటి మాస్టారి వరండాలో పెట్టాను. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు. నవ్వుతారేమో అనుకున్నాను గానీ, “సరైన పనే చేశావోయ్” అని మెచ్చుకున్నారు.

తెల్లవారి 4:40కి నేను హెల్మెట్ పెట్టుకుని బయటికొస్తే మాస్టారి వరండా గ్రిల్లుకి లోపల్నుంచి తాళం. బెల్లు నొక్కాను. మాస్టారు పడుకునేటప్పుడు చెవి మిషను తీసేస్తారని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళావిడ కూతురింట్లో ఉంది. ఫోన్ చేస్తే లోపల మోగడం నాకు వినపడుతోంది, ఆయనకి వినపడటం లేదు. గట్టిగా అరుద్దామంటే వీధంతా లేస్తుంది. గ్రిల్లు ఊచల్లోంచి నా సైకిల్ కనపడుతోంది, హ్యాండిలుకి అమ్మ కట్టిన నిమ్మకాయతో సహా. నేను, అమ్మ, మా ఆవిడ వరసగా మెట్ల మీద కూర్చున్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. 5:30కి పాలబ్బాయి వచ్చి, కిటికీ ఊచల్లోంచి కర్ర పెట్టి మంచం కోడు మీద రెండు కొట్టాడు. రోజూ అలాగే లేపుతాడట. మాస్టారు లేచారు.

ప్రకాశం బ్యారేజీ దాటేసరికి తెల్లగా తెల్లారింది. సైకిల్ వాళ్ళకి నా సలహా, హైవే వారధి కంటే బ్యారేజీ మీదుగా వెళ్ళండి, భారీ వాహనాలు ఉండవు. తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు బైపాస్ అన్నీ బాగానే గడిచాయి. సర్వీసు రోడ్లో రాంగ్ సైడున వచ్చే మోటార్ సైకిళ్ళ గురించి రాస్తే ఇంకో జవాబంత అవుతుంది.

మధ్యాహ్నం మార్టూరు దగ్గర టీ తాగుతుంటే మా ఆవిడ ఫోన్. “ఏమండీ, మోటారు ఆగట్లేదు. ట్యాంకు నిండి పొంగుతోంది. నీళ్ళు మాస్టారి గోడ మీదకి పోతున్నాయి.”

మా బోరు మోటారు స్టార్టరుకి ఎర్ర బటన్ నొక్కితే ఆగదు. కుడివైపుకి కొంచెం తోసి, అలా పట్టుకుని నొక్కాలి. మూడేళ్ళుగా అలాగే నడుపుతున్నాను. అది ఎవరికైనా చెప్పాల్సిన విషయమని నాకు ఎప్పుడూ తట్టలేదు, ఎందుకంటే మోటారు వేసేదీ ఆపేదీ నేనే. రోడ్డు పక్కన గ్రానైట్ లారీలు పోతుంటే ఒక చెవి మూసుకుని “కుడివైపుకి, కుడివైపుకి” అని నేను అరవడం, అక్కడ “ఎవరి కుడి?” అని అమ్మ గొంతు. చివరికి మెయిన్ స్విచ్ తీసేయమన్నాను. ఇల్లంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకోవాలి కదా, అందుకోలేదు. డిస్టిల్డ్ వాటర్ పోయలేదుగా.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇది. సైకిల్‌కి చెయ్యాల్సిన ఆఖరి పని పది రోజుల ముందే అయిపోవాలి. ముందు రోజు పొద్దున్నే, ఇంట్లో ఒక్క మీకే తెలిసినవి ఏమేం ఉన్నాయో చూస్తూ గదులన్నీ ఒకసారి తిరగండి. వంకరగా తిరిగే తాళం, తన్నితే గానీ మూతపడని బీరువా, ఏ స్విచ్ దేనికో రాయని బోర్డు. వాటి పక్కన కాగితం మీద రాసి అంటించండి. మా స్టార్టరు పక్కన మా ఆవిడ అంటించింది ఇప్పటికీ ఉంది: “కుడి అంటే గోడ వైపు.”