కొరెఎడ లాంటి సినిమాలు తీయాలంటే డిగ్రీ మానేయాలా?

ప్రశ్న: బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. జపాన్ దర్శకుడు హిరొకజు కొరెఎడ తీసే కుటుంబ కథల్లాంటివి తీయాలన్నది నా కోరిక. డిగ్రీ మానేసి ఇప్పుడే ఎవరి దగ్గరైనా సహాయ దర్శకుడిగా చేరమంటారా? - ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మానవద్దు. 1962లో టోక్యోలో పుట్టిన కొరెఎడ వసేడ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి, 1987లో పట్టా పుచ్చుకున్న తర్వాతే టీవీ మ్యాన్ యూనియన్ అనే నిర్మాణ సంస్థలో చేరి, టెలివిజన్ డాక్యుమెంటరీలు తీశారు. జపాన్‌లోని మినమత పట్టణంలో పాదరస కాలుష్య బాధితుల వ్యవహారం చూస్తూ ఆత్మహత్య చేసుకున్న ప్రభుత్వాధికారి గురించి ఒకటి, బడిపిల్లలు దూడను పెంచిన వైనం గురించి మరొకటి తీశారు. తొలి కథాచిత్రం 1995లో వచ్చేసరికి ఆయనకు 33 ఏళ్లు. 'షాప్‌లిఫ్టర్స్'కు కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ దక్కింది 2018లో, అంటే మరో 23 ఏళ్లకు.

మీరు ముఖ్యంగా గమనించవలసింది ఆయన పని తీరు. చనిపోయినవారు తమతో తీసుకువెళ్లడానికి ఒకే ఒక్క జ్ఞాపకాన్ని ఎంచుకునే కథ 'ఆఫ్టర్ లైఫ్' కోసం ఐదువందల మందికి పైగా మామూలు మనుషుల జ్ఞాపకాలు సేకరించి, వారిలో కొందరిని సినిమాలోనే చూపించారు. తల్లి వదిలేసి వెళ్లిన పిల్లల కథ 'నోబడీ నోస్'లో బాలనటులకు స్క్రిప్టు ఇవ్వకుండా, మాటలు అప్పటికప్పుడు చెప్పి, నాలుగు రుతువుల్లోనూ చిత్రీకరించారు. అందులో పెద్దకొడుకుగా నటించిన యూయ యగిరకు 2004లో కాన్ ఉత్తమ నటుడి బహుమతి లభించింది. ఎదుటి మనిషి మాటను ఓపికగా వినే ఈ అలవాటు డాక్యుమెంటరీల నుంచే వచ్చిందని నా నమ్మకం.

సినిమా శిక్షణ ఇచ్చే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థలలో దర్శకత్వంలో మూడేళ్ల కోర్సుకు డిగ్రీ ఉండాలి, ప్రవేశపరీక్ష రాయాలి. చదువు ఇప్పుడు ఆపేస్తే ఆ రెండు తలుపులూ మీరే మూసుకున్నట్టవుతుంది. పైగా సహాయ దర్శకులకు తొలి ఏళ్లలో నిలకడైన జీతం అరుదు కనుక, ఇంట్లోవాళ్లతో ఖర్చుల విషయం ముందే మాట్లాడుకోవాలి.

ఈలోగా సెలవుల్లో మీ ఊరి కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక కుటుంబాన్ని అడిగి, వారు ఒప్పుకుంటే, కొన్ని నెలలపాటు వెళ్లి వస్తూ ఫోనుతోనే పది నిమిషాల చిత్రం తీయండి. మొదటి రెండు మూడుసార్లు కెమెరా బయటికి తీయకుండా కూర్చుని వినండి. కూర్పు కూడా మీరే చేయండి, కొరెఎడ తన సినిమాలకు తానే చేసుకుంటారు. పూర్తయ్యాక ముందుగా ఆ కుటుంబానికే చూపించి, తమ ఇల్లు అందులో కనిపించిందో లేదో వారినే అడగండి.