ఆ గదిలో రెండు కాగితాలు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1452 ఫిబ్రవరి 22 రాత్రి, స్టిర్లింగ్ కోటలో స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ తాను పిలిపించుకున్న అతిథిని, ఎనిమిదో డగ్లస్ ఎర్ల్ (ఎర్ల్ అంటే అక్కడి పెద్ద ప్రభువు) విలియంను, తన చేత్తోనే పొడిచిన ఘట్టం. నీ కలంలో వేడి ఉంది. కానీ నీ రాజు ఉత్త కోపిష్టి, నీ ఎర్ల్ ఉత్త పొగరుబోతు. అంతే అయితే ఆ హత్య ఏ ఊళ్ళోనైనా జరుగుతుంది, స్కాట్లండ్ దాకా వెళ్ళే పని లేదు.

కాగితాలను పట్టుకో. ఒకటి అభయపత్రం: నీ ప్రాణానికి నాది పూచీ అని రాజు ముద్ర వేసి ఇచ్చాడు, దాన్ని నమ్మి ఎర్ల్ వచ్చాడు. రెండోది క్రాఫర్డ్, రాస్ ఎర్ల్‌లతో డగ్లస్ చేసుకున్న ఒడంబడిక. ప్రభువులు ఒకరికొకరు అండగా ఉంటామని పత్రాలు రాసుకోవడం అక్కడ మామూలే. అయితే దక్షిణాన డగ్లస్, తూర్పున క్రాఫర్డ్, ఉత్తరాన పడమటి దీవుల దాకా రాస్. ముగ్గురూ ఏకమైతే రాజుకు మిగిలేదెంత? తెంచుకోమన్నాడు రాజు. కుదరదన్నాడు ఎర్ల్. ఎందుకన్నాడో నీ కథలో ఎక్కడా లేదు. ఇచ్చిన మాట రాజుకు భయపడి వదిలేస్తే రేపు ఆయన వెనక నిలబడేదెవరు? నువ్వు పొగరని రాసినచోట నాకు ఆ భయమే కనిపించింది. దాన్ని రాయి.

రాజుకు అప్పటికి 21 ఏళ్ళు. ఎర్ల్‌కి ముప్పై లోపే. 1440 నవంబరులో ఎడిన్‌బరో కోటకు విందుకని రప్పించి ఆరో డగ్లస్ ఎర్ల్‌నీ, అతని తమ్ముణ్ణీ తలలు నరికించినప్పుడు ఈ రాజు పదేళ్ళ పిల్లవాడు. పెద్దలు అతని పేరు మీదే ఆ పని చేశారు. దాంతో ఎర్ల్ పదవి మన విలియం తండ్రికి దక్కింది. చనిపోయిన ఎర్ల్ చెల్లెలు మార్గరెట్‌ను పెళ్ళాడి విలియం చీలిపోయిన ఆస్తులన్నీ ఒక్కటి చేశాడు. ఆ ఇంటి బలం ఆ ఇంటి నెత్తురు మీదే లేచింది. నీ ఎర్ల్ స్టిర్లింగ్ మెట్లెక్కుతూ ఒక్కసారైనా ఇది తలుచుకోవాలి కదమ్మా! ఆ పాత విందులో బల్ల మీద పెట్టారనే ఎద్దు తల మాత్రం తీసెయ్యి. అది చాలాకాలం తర్వాతి వాళ్ళు చేర్చింది.

ఒంటి మీద 26 గాయాలని ఆనాటి వృత్తాంతం చెబుతోంది. మొదటి పోటు రాజుది, తక్కినవి చుట్టూ ఉన్న కొలువువాళ్ళవి. ఆ చేతుల గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ఇంకొకటి. నువ్వు శవం దగ్గర ఆపేశావు. మార్చిలో ఎర్ల్ తమ్ముడు జేమ్స్ మనుషులతో వచ్చి, ఆ అభయపత్రాన్ని గుర్రం తోకకు కట్టి స్టిర్లింగ్ వీధుల్లో ఈడ్పించి, ఊరు తగలబెట్టాడు. జూన్‌లో పార్లమెంటు కూర్చుని రాజు తప్పేమీ లేదని తేల్చింది. పొడిచింది రాజు, కాలింది ఊరివాళ్ళ ఇళ్ళు. ఆ వీధిలో గుమ్మం ముందు నిలబడి, బురదలో ఈడ్చుకుపోతున్న రాజముద్రను చూసిన మనిషి ఎవరో ఆలోచించి, అక్కణ్ణుంచి మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు