ఎక్కడికెళ్లినా ‘ఆహా’ అనిపించడం లేదు.. ఇది వయసా, జబ్బా?

ప్రశ్న: నా వయసు 61. మాది కాకినాడ. బ్యాంకులో పనిచేసి ఏడాది క్రితం రిటైరయ్యాను. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. చిన్నప్పటి నుంచి ఊళ్లు తిరగడమంటే పిచ్చి, అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టేవాణ్ని. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ఏమీ అనిపించడం లేదు. అమెరికాలో మా అబ్బాయి గ్రాండ్ కెన్యన్ చూపిస్తే, పక్కన అందరూ నోరెళ్లబెట్టి చూస్తున్నారు, నేను బాత్రూం ఎక్కడుందా అని వెతుక్కున్నాను. మొన్న కాశీ, అయోధ్య టూర్‌లోనూ అంతే. నాకు డిప్రెషన్ వచ్చిందా? మే నెలలో ఛార్‌ధామ్ వెళదామని మా ఆవిడ ఆశపడుతోంది, వద్దని చెప్పేయనా?

డాక్టర్ సలహా: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. మీరు మామూలుగా రాసేసిన ఆ బాత్రూం మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. దాని గురించి తర్వాత చెబుతాను, ముందు మీ అసలు ప్రశ్న చూద్దాం.

కొత్త ఊరు చూసినప్పుడు కలిగే ఆ పులకింత వయసుతో కొంత తగ్గడం మామూలే, అదొక జబ్బు కాదు. మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది, అనుకున్నదానికంటే ఎక్కువ దొరికినప్పుడు అది బాగా ఉరకలేస్తుంది. పదేళ్లప్పుడు అరకు రైలెక్కిన మీకు సొరంగం అంటే ఏమిటో తెలియదు, అందుకే అంత సంబరం. ఇప్పుడు 61 ఏళ్ల మెదడు వందల రైళ్లు, కొండలు, గుళ్లు చూసేసింది, పైగా బయల్దేరక ముందే యూట్యూబ్‌లో ఆ ఊరి వీధి వీధీ చూసేస్తున్నాం, ఇక అక్కడికెళ్లాక ఆశ్చర్యపోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి? దానికి తోడు డోపమైన్ వ్యవస్థ కూడా వయసుతో నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. ఇంకో సంగతి, మనందరికీ పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా, గట్టిగా గుర్తుంటాయి. మీరు నేటి ప్రయాణాన్ని ఆనాటి అరకుతో పోల్చుకుంటున్నారు. ఆ పోలికలో ఏ ఊరూ నెగ్గదు.

మరి డిప్రెషన్ కాదని ఎలా తెలుస్తుందంటే, ప్రయాణాలను కాసేపు పక్కన పెట్టి మీ ఇంటి సంగతి చూసుకోండి. పొద్దున్నే కాఫీ రుచిగా ఉందా? పాత స్నేహితుడు ఫోన్ చేస్తే మాట్లాడాలనిపిస్తోందా? మనవలు వస్తే ముఖం వికసిస్తోందా? ఇవన్నీ బాగుండి ఊళ్లు మాత్రమే చప్పగా ఉంటే కంగారు పడక్కర్లేదు. అలా కాకుండా రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర, ఆకలి మారినా సైకియాట్రిస్ట్‌ని కలవండి, సిగ్గుపడాల్సిన పని కాదిది. బతకడం ఎందుకు అనిపిస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. రిటైరైన మొదటి ఏడాదిలో చాలామంది మగవాళ్లు ఇలా లోలోపల కుంగిపోవడం, ‘ఏం లేదులే’ అని దాచుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఇక బాత్రూం సంగతి. కిలోమీటరున్నర లోతున్న లోయ ముందు నిలబెట్టినా, మూత్రం ఆపుకుంటున్న మనిషికి దాన్ని చూసే తీరిక ఉండదు. ఈ వయసు మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరగడం చాలా మామూలు, షుగర్ అదుపులో లేకపోయినా మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంది. రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నారా? అలాగైతే నిద్ర చెడుతుంది, మర్నాడు ఏ గుడి చూసినా అలసటే కనిపిస్తుంది. బస్సులో ఇబ్బంది అని చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో ఒంట్లో నీరు తగ్గి నీరసం, మలబద్ధకం వస్తాయి. యూరాలజిస్ట్‌కి చూపించుకోండి, మందులతోనే చాలామందికి సర్దుకుంటుంది.

పదేళ్ల మెట్‌ఫార్మిన్ అన్నారు. దీర్ఘకాలం వాడినవాళ్లలో విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది, శాకాహారులైతే మరీనూ. అది తగ్గితే నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, మనసు మందగించడం. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు మానకండి, పరీక్ష చేయించి తగ్గితే బి12 వేసుకుంటే సరిపోతుంది. పనిలో పనిగా హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా. కళ్లు చివరిసారి ఎప్పుడు చూపించారు? షుగర్ ఉన్నవాళ్లకు శుక్లాలు త్వరగా వస్తాయి, రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, ఆపరేషన్ అయ్యాక ‘ఆకాశం ఇంత నీలంగా ఉంటుందా’ అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. చెవులూ అంతే, గైడ్ చెప్పేది సగమే వినిపిస్తే ఎంత అందమైన చోటైనా విసుగొస్తుంది. ఇవన్నీ సరిచేసుకోగలిగినవి, వయసైపోయిందని వదిలేయకండి.

ఛార్‌ధామ్ వద్దని చెప్పకండి. మీ ఆవిడ ఆశ పెట్టుకున్నారు, ఆవిడతో వెళ్లడం వేరే సంతోషం, ఈ వయసులో మనకు చోటు కంటే పక్కనున్న మనిషి ముఖ్యమవుతారు. కానీ నాలుగు ధామాలూ ఒకే దెబ్బకి చుట్టే ప్యాకేజీ మాత్రం నాకు నచ్చదు. కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్ల ఎత్తు, గౌరీకుండ్ నుంచి నడక 16 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. గుండె, బీపీ, ఈసీజీ చూపించుకోకుండా అక్కడికి వెళ్లొద్దు. కేదార్, బదరీ రెండే పెట్టుకోండి, దారిలో ఒక రోజు ఊరికే కూర్చోవడానికి ఉంచుకోండి. ముందుగా వీడియోలు చూడకండి. టికెట్లు తీసుకునే ముందు ఈ నెలలోనే పరీక్షలన్నీ చేయించుకుని, రిపోర్టులతో మీ డాక్టర్‌ని కలవండి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా చెప్పండి.