టికెట్ వెనక రాసిన మూడు రూపాయలు

ప్రశ్న: మాది నల్లగొండ. నాకు 37 ఏళ్లు, పెళ్లయి పదిహేనేళ్లు, ఇద్దరు పిల్లలు. మావారికి విత్తనాలు, ఎరువుల షాపు ఉంది. నా పుట్టిల్లు దేవరకొండ దగ్గర. చిన్నప్పుడు మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్లు చింపి, దారంతో కుట్టి ట్రంకుపెట్టెలో దాచేది. అవి చదివే పెరిగాను. ఆ కథల్లో హీరో ఎప్పుడూ కారు దిగేవాడు. మా ఊళ్లో ఎవరైనా కారు దిగేది ఎలక్షన్లప్పుడే. నేనే గనక రాస్తే హీరో బస్సు దిగాలని అప్పుడే అనుకున్నాను.

రెండేళ్ల కిందట, పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో రాయడం మొదలుపెట్టాను. దేవరకొండ బస్సులో కండక్టరు, అదే బస్సులో రోజూ నల్లగొండకు డిగ్రీ చదవడానికి వచ్చే బత్తాయి తోట రైతు కూతురు. ఆమెకు ఇవ్వాల్సిన మూడు రూపాయల చిల్లర అతను టికెట్ వెనక రాసిస్తాడు. ఆమె దిగేటప్పుడు అడగదు. ఆ టికెట్లన్నీ దాచుకుంటుంది. ఇదే నా మొదటి నవల.

నా చిట్టీ డబ్బు 42 వేలు పెట్టి జూన్ మొదట్లో 500 కాపీలు వేయించాను. మావారు అప్పుడే రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పత్తి విత్తనాల స్టాకు దింపారు, సీజన్ టెన్షన్‌లో ఉన్నారని చెప్పలేదు. తర్వాత సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. పార్సిల్ వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. ఆయనే దింపించుకుని కిరాయి కట్టారు. "ఇవేంటి" అని ఒక్క మాట అడిగి, అన్నం తినకుండానే షాపుకు వెళ్లిపోయారు. వారం తర్వాత మా ఆడబిడ్డ ఒక పేజీ ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టింది, "వదినా, గీ కండక్టర్ ఎవరు?" అని. ఆ రాత్రి ఆయన కూడా అదే అడిగారు. ఎవరూ లేరన్నాను. నలభై రోజులైంది, అవసరానికి తప్ప మాట లేదు.

నిజానికి గొడుగు సీను ఒక్కటి మా డిగ్రీ క్లాస్‌మేట్‌ది. వానలో తన గొడుగు నా చేతికిచ్చి తడుస్తూ వెళ్లాడు, అంతకు మించి ఏమీ లేదు. చిల్లర రాసే అలవాటు మాత్రం మావారిదే, షాపులో చీటీల వెనక రాసిస్తారు. ఇప్పుడు హైదరాబాద్ పబ్లిషర్ ఒకరు రెండో నవల అడుగుతున్నారు. ఒక్క లైను కూడా రావడం లేదు. గొడుగు సంగతి చెప్పాలా? కలం పేరు పెట్టుకోవాలా? అసలు రాయడమే మానేయాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసమే చదివాను, ఒప్పుకుంటున్నా. ఆ మూడు రూపాయలు నాకు భలే నచ్చాయి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, జీరో టికెట్టే. ఇక చిల్లరెక్కడిది, దాన్ని టికెట్ వెనక రాసేదెక్కడ? ఇప్పటి బస్సులో అయితే మీ కథ పుట్టేదే కాదు.

రెండోసారి మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ చదివాను. కండక్టర్ ఎవరని అడిగిన రాత్రి నుంచి ఆయన మాట్లాడటం లేదని మీరు అనుకుంటున్నారు. మీరు రాసినదాని ప్రకారమే చూస్తే, ఆయన అన్నం తినకుండా వెళ్లింది దానికి వారం ముందు. అప్పటికి ఆడబిడ్డ ఆ పేజీ పెట్టలేదు. కండక్టర్ గురించి ఆయనకు తెలియనే తెలియదు. ఆయన చూసింది అట్టపెట్టెలు, వాటి మీద మీ పేరు.

ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే 42 వేలకు నెలకు 840. అప్పు తెచ్చి స్టాకు దింపి, వాన పడుతుందా లేదా అని ఆకాశం చూస్తూ కూర్చున్న మనిషి. అదే ఇంట్లో 42 వేలు ఉన్నాయని, అవి పుస్తకాలు అయ్యాయని ఆయనకు చెప్పింది పార్సిల్ ఆటో డ్రైవరు. ఆ డబ్బు మీది. మీ చిట్టీ, మీ ఇష్టం, ఆ హక్కు గురించి నేను ఒక్క మాట అనను. కానీ అన్నీ చీటీ మీద రాసుకునే మనిషికి తన ఇంట్లోనే రాయని లెక్క ఒకటి కనపడితే ఎట్లా ఉంటుంది? ఆ బాధ చెప్పుకోవడానికి ఆయనకు మాటలు దొరకలేదు. వారం తర్వాత మీ ఆడబిడ్డ ఒక మాట అందించింది. ఎవరు అతను? ఆయన దాన్నే పట్టుకున్నారు.

సర్‌ప్రైజ్ అన్నారు. ఆ మాట దగ్గర నేను కొంచెం ఆగాను. పుట్టినరోజు చీర రెండు రోజులు దాస్తే సర్‌ప్రైజ్. రెండేళ్లు దాచారంటే భయపడి దాచారు. ఆయన నవ్వుతారనా, వద్దంటారనా, "నీకెందుకివన్నీ" అంటారనా? ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని కనిపెట్టి ఆయనకు చెప్పగలిగితే సగం పని అయినట్టే.

ఇక "ఎవరూ లేరు" అన్న మీ జవాబు. అది అబద్ధం కాదు, కానీ ఆయన నమ్మే జవాబూ కాదు. ఆయన వ్యాపారి, సరుకు గాలిలోంచి ఊడిపడదని ఆయనకు తెలుసు. ఏ హీరో అయినా అంతే. నలుగురి దగ్గర నాలుగు తెచ్చి కలిపితేనే ఒక మనిషి తయారవుతాడు. కాబట్టి ఎవరూ లేరని వాదించకుండా, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించండి. ఒక కాపీ తీసుకుని పెన్సిల్‌తో పక్కన రాయండి. ఈ నడక మా నాయనది. ఈ మాట దేవరకొండ బస్టాండులో విన్నది. ఈ కోపం మా చిన్న మామది. ఈ చిల్లర నీది. ఆయనను సంతోషపెట్టడానికి లేనివి మాత్రం కలపకండి, వెంటనే దొరికిపోతారు.

గొడుగు సంగతి కూడా చెప్పండి. అయితే దాంతో మొదలుపెట్టకండి. చెప్పమనడానికి కారణం ఉంది. నల్లగొండ ఎంత ఊరని! మీతో చదివినవాళ్లలో ఎవరో ఒకరు ఆ సీను చదివి నవ్వుతూ ఆయనతోనే అనొచ్చు. అట్లా బయటి మనిషి నోట వింటే అది రెండో పార్సిల్ అవుతుంది. మీరే చెబితే రెండు పేజీల వాన, అంతే. ఏడుస్తూ, తప్పు చేసినట్టు మాత్రం చెప్పొద్దు. మీరు తప్పేం చేయలేదు, ఒక మంచి పని గుర్తుపెట్టుకున్నారు.

ఇంకో విషయం. మీ ఉత్తరం మొత్తంలో ఆయన పుస్తకం చదివినట్టు ఎక్కడా లేదు. చుట్టాల గ్రూపులో వచ్చిన ఆ ఒక్క పేజీ ఫొటోయే చూసి ఉంటారు. మా అమ్మకూ మీ అమ్మలాంటి ట్రంకుపెట్టే ఉండేది. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి, తిరిగి ఇవ్వని నవలలు కూడా అందులో ఉండేవి. మా నాన్న దాన్ని చూపించి, "మీ అమ్మ పెనిమిట్లందరూ అందులనే ఉన్నరు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, బతికినన్నాళ్లూ ఆ పెట్టె ఒక్కసారి తెరవలేదు. తెరిచి ఉంటే అందులో సగం మంది తనలాగే ముక్కోపులని తెలిసేది, పాపం.

మీ ఆయనను పుస్తకం చదవమని అడగకండి, ఇప్పుడు చదవరు. టికెట్ చాప్టర్ మీరే చదివి వినిపించండి. పది నిమిషాలు చాలు. తన అలవాటు ఎక్కడ వస్తుందో ముందే చెప్పకండి. ఆయనకే తట్టాలి.

ఆడబిడ్డ మీద కోపం పెట్టుకోవద్దు. ఆ పేజీ గ్రూపులో పెట్టడం తప్పే, తీసేయమని నెమ్మదిగా ఒకసారి చెప్పండి చాలు. ఎట్లా చూసినా ఆ ఇంట్లో మీ మొదటి పాఠకురాలు ఆమే.

ఇప్పటిదాకా తప్పంతా మీదే అన్నట్టు వినిపించి ఉండొచ్చు. కాదు. షాపులో పొద్దంతా రైతులతో మాట్లాడి, ఇంటికొచ్చి భార్యతో నలభై రోజులు మాట్లాడకపోవడం అంటే శిక్ష వేయడమే. "నా వల్ల జరిగింది నేను ఒప్పుకున్నా, ఇక నువ్వు కూడా మాట్లాడాలి" అని అడిగే హక్కు మీకుంది, అడగండి. అది మాటలతో ఆగకుండా ఫోన్ లాక్కోవడం, బయటికి పోనీయకపోవడం, చెయ్యెత్తడం దాకా వస్తే మాత్రం నేను పైన రాసినవన్నీ పక్కన పెట్టి 181కి ఫోన్ చేయండి. అది మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీ ఉత్తరంలో అంత సూచన నాకు కనపడలేదు. చెప్పడం నా పని కాబట్టి చెబుతున్నా.

కలం పేరు అడిగారు. ఒకప్పుడు ఆడవాళ్ల నవలలకు గిరాకీ బాగా ఉన్న రోజుల్లో కొందరు మగవాళ్లు కూడా ఆడపేర్లతో రాశారు. కలం పేరుతో ఊరి కళ్లు తప్పించుకోవచ్చు. మీ గొడవ ఊరితో కాదు కదా. ఇంకో పేరు పెట్టుకుంటే ఆయనకు తెలియనిది ఇంకొకటి పెరిగినట్టే. ఇప్పుడైతే వద్దు.

రాయడం మానేయాలా అన్నదానికి జవాబు మీకే తెలుసు. మానేసేవాళ్లు పబ్లిషర్ అడిగిన సంగతి నాకు రాయరు. లైను రావడం లేదంటే ఆశ్చర్యమేముంది? ఇంతకుముందు ఎవరూ చదవరన్న ధైర్యంతో రాశారు. ఇప్పుడు ఫోన్ పట్టుకోగానే ఆడబిడ్డ, అత్తమ్మ, చుట్టాల గ్రూపు అంతా వెనక నిలబడి తొంగిచూస్తున్నట్టుంటుంది. కొన్నాళ్లు కథ జోలికి పోకండి. అమ్మ ట్రంకుపెట్టె ఇంకా ఉందేమో వెళ్లి చూడండి.

పబ్లిషర్ ఇచ్చే కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి, దాన్ని మీ ఆయనకు చూపించండి. బతిమాలడానికి చెప్పడం లేదు, డీలర్ల కాగితాలు చదివీ చదివీ ఆయనకు ఆ కన్ను ఉంటుంది. పుస్తకం హక్కులు మీరు ఎన్నేళ్లకు ఇస్తున్నారో అందులో రాసి ఉందా అని ముందు చూడాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కాలం రాయకపోతే ఐదేళ్లనే లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. "ఎప్పటికీ" అని రాసి ఉంటే మాత్రం ఆ మాట కొట్టేయించండి. పుస్తకంతో ఏమొస్తుందని అత్తమ్మ అడిగితే చెప్పండి, రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్ల పాటు దాని హక్కు పిల్లలకు ఉంటుందని. బత్తాయి చెట్టు కూడా అన్నేళ్లు కాయదు.

ఇదంతా ఎప్పుడు, ఎక్కడ? రాత్రి పడకగదిలో వద్దు, షాపులో వద్దు. జూలై దాటితే విత్తనాల హడావుడి కాస్త తగ్గుతుంది. ఒకరోజు పుట్టింటికి పోదామనండి, బండి వద్దు, బస్సులో. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట పక్కపక్కన కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే వస్తుంది, నా దగ్గరికొచ్చే జంటల్లో చాలాసార్లు చూశాను. ముందు 42 వేల లెక్క చెప్పండి. కొండమల్లేపల్లి దాటేదాకా కండక్టర్ ఊసు ఎత్తకండి. చాప్టర్ ఇంటికెళ్లాక, చాయ్ తాగాక చదవొచ్చు.

మీకెట్లాగూ జీరో టికెట్ ఇస్తారు, ఆధార్ కార్డు మర్చిపోకండి. ఆయన టికెట్ మాత్రం మీరే తీయండి.