కొనే ముందు నీ ఎడమ కాలిని అడుగు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త కారు కొంటున్నావని, అదీ గేర్లు మార్చే మాన్యువల్ బండే కావాలని పట్టుబట్టావని అమ్మ చెప్పింది. ఈ రోజుల్లో ఆటోమేటిక్ వదిలేసి ఇదేం కోరిక అని ఇంట్లో అందరూ నిన్ను ఆడిపోసుకుంటున్నారట. కోరికలో తప్పేమీ లేదు తల్లీ. బండి నీ చేతిలో, కాలిలో ఉన్నట్టు అనిపించే ఆ తృప్తి నాకు బాగా తెలుసు. ఒక్కటే చెబుతాను. మాన్యువల్ బండి కొనేటప్పుడు రంగునీ టచ్‌స్క్రీన్‌నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు నీ ఎడమ కాలిని అడుగు. రోజూ క్లచ్ తొక్కాల్సింది అదే.

నా మొదటి కొత్త కారుకి నేను ఆ పని చేయలేదు. ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు నడిపాను. మూడు, నాలుగు, ఐదు గేర్లు వెన్నలా పడ్డాయి. ఇంకేం కావాలనుకుని అడ్వాన్సు కట్టేశాను. ఆ పది నిమిషాల్లో క్లచ్ తొక్కింది పట్టుమని పదిహేను సార్లు కూడా ఉండదు. బండి ఇంటికొచ్చాక ఆఫీసు దారిలో ట్రాఫిక్, అడుగడుక్కీ ఆగడం, కదలడం. క్లచ్ బాగా గట్టిది. పైగా తొక్కని సమయంలో ఎడమ పాదం పెట్టుకోవడానికి పక్కన సరైన చోటే లేదు. రెండు నెలలు తిరక్కుండానే మోకాలు నొప్పి పట్టుకుంది. బండిలో లోపమేమీ లేదు, నాకు సరిపడని బండి, అంతే. అయినా దానితోనే ఏడేళ్లు గడిపాను. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత పెద్ద ఉత్తరం.

క్లచ్ ఒక బండిలో తేలిగ్గా, ఇంకో బండిలో గట్టిగా ఎందుకుంటుందో తెలిస్తే ఏం చూడాలో నీకే అర్థమవుతుంది. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ ఒకటి, గేర్‌బాక్సుకి తగిలించిన క్లచ్ ప్లేటు ఒకటి. ఈ రెండింటినీ కలిపి అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపోతుంది, వదిలితే మళ్లీ బిగుస్తుంది. నీ కాలికి తెలిసే బరువు ఎక్కువగా ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగుదే. ఇంజిన్ లాగే బలం పెరిగేకొద్దీ పట్టూ గట్టిగా ఉండాలి. అందుకే పెద్ద డీజిల్ బండ్లలో క్లచ్ సాధారణంగా కాస్త బరువుగా ఉంటుంది. డీజిల్ కొనొద్దని కాదు, నడిపి చూడకుండా కొనొద్దని.

టెస్ట్ డ్రైవ్‌కి రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే వెళ్లు. కూర్చోగానే స్టార్ట్ చేయకు. ముందు సీటు సర్దుకో. క్లచ్ చివరి దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి, నడుము సీటు వదిలి ముందుకు జారకూడదు. సీటు ఎంత జరిపినా ఇది కుదరకపోతే ఆ బండి నీ కొలతకు చేసింది కాదు. తర్వాత ఎడమ పాదం పక్కన పెట్టి చూడు. డెడ్ పెడల్ అంటారు, పాదం ఆనించుకునే చోటు. అది లేకపోతే పాదం క్లచ్ మీదే పడి ఉంటుంది. నీకూ నొప్పి, క్లచ్‌కీ అరుగుదల.

ఇప్పుడు స్టార్ట్ చేసి మొదటి గేరు వెయ్యి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వదులు. ఒక చోట ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, స్టీరింగులో సన్నని వణుకు వస్తుంది, బానెట్ రవ్వంత పైకి లేచినట్టుంటుంది, బండి కదలాలా వద్దా అన్నట్టు ఆగి ఉంటుంది. క్లచ్ పట్టే చోటు అదే. అక్కడే పాదాన్ని ఒక్క క్షణం ఆపు, ఎక్కువసేపు వద్దు. అది ఎక్కడుందో నీ పాదానికి స్పష్టంగా తెలుస్తోందా? మరీ పైన, పెడల్ దాదాపు పూర్తిగా వదిలాక పడుతుంటే ట్రాఫిక్‌లో ప్రతిసారీ కాలు మొత్తం ఎత్తాల్సి వస్తుంది. ఇలా ఒకసారి కాదు, పదిసార్లు కదిలి ఆగు. పక్కన కూర్చున్న సేల్స్ అతను విసుక్కున్నా పట్టించుకోకు.

ఖాళీ రోడ్డుకి తీసుకెళ్తానంటే ఒప్పుకోకు. రద్దీలో కనీసం అరగంట నడపాలని ముందే చెప్పు. ఒక ఎత్తు ఎక్కించి మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి చూడు. హిల్ హోల్డ్ ఉన్న బండి అయితే నువ్వు బ్రేకు వదిలాక కూడా ఒకటి రెండు సెకన్లు వెనక్కి జారకుండా పట్టుకుంటుంది. మాన్యువల్‌లో నేను తప్పకుండా అడిగే సౌకర్యం అదొక్కటే. ఇంకోటి, రెండో గేరులో బండిని మనిషి నడిచేంత వేగానికి తగ్గించి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కు. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లు కొన్ని తక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, నీరసంగా ఉంటాయి, టర్బో అందుకునేదాకా లాగవు. అలాంటప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మొదటి గేరుకి దిగాలి. ఆ పని కూడా నీ ఎడమ కాలిదే.

గేర్ల సంగతికొస్తే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు ఎలా పడుతుందో చూడు. గేర్లు కలిసే ముందు వాటి వేగాలను సమానం చేసే చిన్న రింగులు లోపల ఉంటాయి, సింక్రోనైజర్లు అంటారు. 1928లో కాడిలాక్ కార్లతో ఇవి వచ్చాయి. అంతకుముందు గేరు మార్చాలంటే క్లచ్ రెండేసి సార్లు తొక్కాల్సిందే. పొద్దున్నే గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి లివర్ కొంచెం బిగువుగా అనిపించినా కంగారు పడకు, కాస్త దూరం పోయాక సర్దుకోవాలి. కరకరమని శబ్దం వస్తే మాత్రం ఆ బండి వద్దు. రివర్స్‌కి చాలా బండ్లలో సింక్రోనైజర్ ఉండదు. బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి ఒక్క క్షణం ఆగి వెయ్యి. అప్పుడూ పడకపోతే ఒకసారి మొదటి గేరు వేసి తీసి, మళ్లీ ప్రయత్నించు. కొత్తవాళ్లు అక్కడ బలం చూపించి గేర్లు పాడు చేస్తుంటారు.

పేర్ల దగ్గర మోసపోకు. ఏఎంటీ అంటే లోపల క్లచ్చూ గేర్లూ మాన్యువల్‌వే అయినా మార్చేది యంత్రం, నువ్వు కాదు. ఐఎంటీలో లివర్ నువ్వే మారుస్తావు గానీ క్లచ్ పెడల్ ఉండదు. నీకు కావలసింది మూడు పెడళ్ల బండి అని మొదటే చెప్పేయ్. పైరకం మోడళ్లలో మాన్యువల్ ఇవ్వడం చాలా కంపెనీలు మానేస్తున్నాయి. నచ్చిన ఫీచర్లన్నీ ఉన్నదాంట్లో గేర్లు దొరక్కపోవచ్చు. అప్పుడు భద్రతకి సంబంధించినవి మాత్రం వదులుకోకు, సన్‌రూఫ్ లేకపోతే ఏమవుతుంది?

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. బండి నీతో పాటు ఇంట్లో ఇంకెవరు నడుపుతారు? నాన్నకి మోకాలి నొప్పి ఉందని విన్నాను. ఆయన కూడా రోజూ నడుపుతారంటే ఆయన్ని కూడా ఆ రద్దీలో అరగంట నడపనివ్వు. ఆయన వల్ల కాకపోతే ఆటోమేటిక్ తీసుకో, నేనేమీ బాధపడను.

డెలివరీ పగటి వెలుతురులో తీసుకో. ఛాసిస్ మీదున్న 17 అక్షరాల నంబరు కాగితాలతో కలుస్తోందా, కిలోమీటర్ల రీడింగ్ ఎంతుంది, పెయింట్ మీద గీతలున్నాయా అన్నది నెమ్మదిగా చూడు. టైరు పక్కన అది ఎప్పుడు తయారైందో చెప్పే నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వారంటీ కాగితంలో క్లచ్ గురించి ఏం రాశారో చదువు. సాధారణంగా క్లచ్ ప్లేటుని అరిగిపోయే వస్తువుల్లో కలిపేస్తారు, అంటే దాని ఖర్చు నీదే.

అందుకే మొదటి వెయ్యి కిలోమీటర్లు ఓపిక పట్టు. ఇంజిన్‌ని గట్టిగా రేజ్ చేయొద్దు, పైగేరులో గునుస్తూ నడపొద్దు, గంటల తరబడి ఒకే వేగంతో పోవద్దు. బండితో పాటు ఇచ్చే పుస్తకంలో ఇంతకంటే వివరంగా ఉంటుంది, అదే పాటించు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసెయ్. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగమే వదిలి, బండిని నిలబెట్టకు. మాడిన వాసన వస్తే ప్లేటు కాలుతోందన్నమాట, వెంటనే ఆపి చల్లారనివ్వు. నడిపేటప్పుడు చెయ్యి గేర్ లివర్ మీద ఆనించి ఉంచే అలవాటు కూడా మంచిది కాదు. ఆ బరువు లోపల గేర్లను జరిపే ఫోర్కుల మీద పడుతుంది.

టెస్ట్ డ్రైవ్ ఏ రోజో చెప్పు, వెనక సీట్లో కూర్చుంటాను. పొద్దున మొదటి బండిగా మనదే పెట్టమని అడుగు. అప్పటిదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పు, చల్లటి బండిలో ఆ రెండో గేరు ఎలా పడుతుందో నేనూ చూడాలి.

ఆశీస్సులతో,
మామయ్య